అమెరికా రాజ్యాంగమున కేంద్రాధికారమునకు గల యెల్లలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పుదురు. ఒకే ప్రజపై ఒకే కాలమున రెండు ప్రభుత్వములు అధికారము నెఱపుట యెట్లు సాధ్యమను సందేహము ఈ సామెత నెఱిగిన వారికి కలుగక మానదు. అయినను అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1789 వ సంవత్సరము నుండి ఇట్టి యేర్పాటే నడచుచున్నది. అచ్చటి పౌరుడు వాషింగ్టను నగరమందలి కేంద్ర ప్రభుత్వమునకును, తాను నివసించు రాష్ట్రపు ప్రభుత్వమునకును కూడ లోబడి యుండును. రెండింటికిని పన్నులు చెల్లించును. రెండింటి చట్టములను మన్నించును. ఈ రెండు కత్తులు ఒకదానితో నొకటి రాచుకొనకుండ ఏర్పఱచిన కట్టుబాట్లేవి? కేంద్రము రాష్ట్రములపై ఎంతవరకు అధికారము చూపవచ్చును? ఎచ్చట ఆగవలెను? ఈ ప్రశ్నలను గూర్చి ఈ వ్యాసమున కొంత విచారింతము.

1. కోరుటయే గాని ఆజ్ఞాపింపలేని కేంద్రము

1776 వ సంవత్సరమున ఆంగ్లేయ ప్రభుత్వము నుండి విడివడిన 13 రాష్ట్రములు మొదట ఒక సడలిన కూటమిగ నేర్పడినవి. 1781 లో అమలునకు వచ్చిన ఆ తొలి నిబంధనల ప్రకారము, కేంద్రమున నుండిన కాంగ్రెసు సభకు పౌరులపై పన్ను విధించు నధికారము లేకుండెను. ధనము కావలసినప్పుడు ఇంత సొమ్ము పంపుడని రాష్ట్రములకు వ్రాయవలెను. రాష్ట్రములకు మనసైనచో పంపును, కానిచో ఊరకుండును. యుద్ధకాలమున చేసిన అప్పులు తీఱలేదు. పోరాడిన సైనికులకు జీతములు సరిగ ముట్టలేదు.

ఈ దుస్థితిని తొలగించుటకై 1787 లో ఫిలడెల్ఫియా నగరమున మహాసభ కూడెను. 55 గురు ప్రతినిధులు దానికి వచ్చిరి. జార్జి వాషింగ్టను అధ్యక్షత వహించెను. వారి యెదుట రెండు మార్గము లుండెను. రాష్ట్రములను ఆజ్ఞాపించి వానిచే పని చేయించు నధికారమును కేంద్రమున కిచ్చుట ఒకటి. రాష్ట్రముల ద్వారమున గాక పౌరులపై తిన్నగ చట్టము చేయు నధికారము నిచ్చుట రెండవది. మొదటి మార్గమున ఒక పెద్ద చిక్కు కలదు. ఆజ్ఞను ఒక రాష్ట్రము ధిక్కరించినయెడల కేంద్రమేమి చేయగలదు? దానిపైకి సేనను నడపవలసి వచ్చును, అనగా అంతర్యుద్ధమే. పౌరుడొకడు పన్ను చెల్లింపనిచో వానిపై న్యాయస్థానమున వ్యాజ్యెము వేసిన చాలును. కావున సభవారు రెండవ మార్గమునే అవలంబించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదీన 39 గురు ప్రతినిధులు నూతన రాజ్యాంగముపై సంతకములు చేసిరి.

చదువరులు ఈ నిర్ణయమును గుర్తునం దుంచుకొనవలెను. ఇకముందు మేము చెప్పబోవు వ్యాజ్యెములలో ముఖ్యమైనవానికి మూలము ఇదియే.

2. ముక్త్యారునామా వంటి రాజ్యాంగము

పొరుగూర నున్న భూమిని చూచుకొనుటకై యజమాని యొకనికి ముక్త్యారునామా వ్రాసి యిచ్చును. అందు వ్రాసిన పనులను మాత్రమే ఆ ముక్త్యారు చేయవచ్చును. వ్రాయని పనులు యజమాని చేతిలోనే యుండును. అమెరికా రాజ్యాంగము కేంద్రమునకు అట్టి పత్రము. దాని మొదటి అధికరణము 8 వ విభాగమున కాంగ్రెసు చేయదగిన పనులు 18 ఖండములలో లెక్కించి చెప్పబడినవి. పన్నులు విధించుట, నాణెములు వేయించుట, తపాలా నడపుట, యుద్ధము ప్రకటించుట, సేనలను పోషించుట, విదేశములతోడను రాష్ట్రముల నడుమను జరుగు వర్తకమును క్రమపఱచుట మొదలగునవి అందు కలవు. పాఠశాలలు, వివాహములు, గ్రామ నగర పాలనము, సామాన్య నేరముల విచారణ మున్నగునవి ఆ పట్టికలో లేవు. అవి రాష్ట్రముల పాలివి.

ఇంతటితో జనుల భయము తీఱలేదు. నేడు పట్టికకు లోబడిన కేంద్రము రేపు పట్టికను దాటదని నమ్మక మేమని పలువురు అడిగిరి. వారికి సమాధానముగ 1791 డిసెంబరు 15 న మొదటి పది సవరణలు స్థిరపడినవి. వానిలో కడపటిదగు పదవ సవరణ, కేంద్రమునకు ఒప్పగింపనివియు, రాష్ట్రములకు నిషేధింపనివియు నగు అధికారములు రాష్ట్రములకు గాని ప్రజలకు గాని చెందునని స్పష్టము చేసినది.

రాజ్యాంగమందలి ఆఱవ అధికరణము మఱియొక మాట చెప్పుచున్నది. రాజ్యాంగమునకు లోబడి కేంద్రము చేసిన చట్టము రాష్ట్ర చట్టముకంటె మిన్న. రాష్ట్రముల న్యాయమూర్తులును దానికి బద్ధులు. ఈ రెండు మాటలను కలిపి చదివిననే గాని విషయము బోధపడదు. తన యెల్లలో నున్నంతవరకు కేంద్రమే పెద్ద. ఎల్ల దాటినచో దాని మాట చెల్లదు.

3. ఎల్ల యెచ్చట నున్నది?

పంట అమ్ముమని పత్రమున వ్రాసి, బండి కుదుర్చుకొనుమని వ్రాయకున్నచో, ముక్త్యారు బండిని కుదుర్చుకొనవచ్చునా? ఇట్టి ప్రశ్నయే 1819 లో అమెరికా సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చెను. కేంద్రము స్థాపించిన బ్యాంకునకు బాల్టిమోరు నగరమున నొక శాఖ యుండెను. మేరీలాండు రాష్ట్రము దానిపై పన్ను విధించెను. బ్యాంకు పెట్టుమని పట్టికలో నెచ్చటను లేదు గదా యని ఆ రాష్ట్రము వాదించెను. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షలు ఆ వాదము నంగీకరింపలేదు. పట్టికలోని పనులను నెఱవేర్చుటకు తగిన సాధనములను ఎంచుకొను స్వాతంత్ర్యము కేంద్రమునకు కలదనియు, అట్టి సాధనమును రాష్ట్రము పన్నుతో నణపరాదనియు ఆయన తీర్పు చెప్పెను.

కాలక్రమమున ఈ సాధనముల పరిధి విస్తరించెను. ఓహయో రాష్ట్రమున ఫిల్బర్ను అను రైతునకు సుమారు 11 ఎకరములలో మాత్రమే గోధుమ విత్తుటకు కేంద్రము సెలవిచ్చెను. ఆయన 23 ఎకరములలో విత్తెను. అధికమైన గింజలు తన యింటికిని, పశువులకును గాని అంగడికి కావని ఆయన మొఱపెట్టుకొనెను. ఒక్క రైతు గింజలు స్వల్పమే యైనను, అట్టి రైతులందఱి గింజలు కలిసినచో దేశమందలి ధరను కదలించును గనుక, ఇదియును రాష్ట్రముల నడుమ వర్తకమునకు సంబంధించినదే యని 1942 లో సుప్రీంకోర్టు నిర్ణయించెను.

అట్లయిన వర్తకమునకు సంబంధింపని పని లోకమున నేది? ఈ సందేహమునకు 1995 లో ఒక సమాధానము దొరకెను. బడుల సమీపమున తుపాకి నుంచుకొనుట నేరమని 1990 లో కాంగ్రెసు చట్టము చేసియుండెను. టెక్సాసు రాష్ట్రపు శాన్ ఆంటోనియో నగరమున 12 వ తరగతి విద్యార్థి యొకడు తుపాకితో బడికి వచ్చి ఆ చట్టము క్రింద శిక్షింపబడెను. బడిలో తుపాకి నుంచుకొనుట వర్తకము కాదనియు, కేంద్రము ఎల్ల దాటెననియు అయిదుగురు న్యాయమూర్తులు, దాట లేదని నలుగురును అభిప్రాయపడిరి. ఆ తీర్పువలన బడికి తుపాకి తెచ్చుట ఒప్పయినదని ఎవరును భ్రమపడరాదు. టెక్సాసు చట్టము ప్రకారమును అది నేరమే. శిక్షింపవలసిన దెవరను దానిని గూర్చియే వివాదము.

4. బానిసల కాలమున పుట్టిన సూత్రము

ఇంతవరకు కేంద్రము ఏ పనులు చేయవచ్చునో చూచితిమి. ఇక ఆ పనులను ఎవరి చేతులతో చేయింపవచ్చునో చూతము. ఈ రెండవ ప్రశ్నకు మూలమైన కథ దుఃఖకరమైనది.

మార్గరెట్టు మార్గను అను నీగ్రో స్త్రీ 1832 లో మేరీలాండు నుండి పెన్సిల్వేనియా రాష్ట్రమునకు వచ్చి కాపురముండెను. మేరీలాండున బానిసత్వము కలదు. పెన్సిల్వేనియాలో అది తొలగిపోవుచుండెను. 1837 లో ప్రిగ్గు అనువాడు మఱికొందఱతో వచ్చి, ఆమె పూర్వ యజమానుని వారసురాలి పక్షమున ఆమెను, ఆమె బిడ్డలను పట్టుకొని, న్యాయాధికారి యనుమతి లేకయే మేరీలాండునకు తీసికొనిపోయెను. పెన్సిల్వేనియా చట్టము ప్రకారమిది నేరము; వానికి శిక్ష పడెను. కాని పాఱిపోయిన బానిసలను తిరిగి యప్పగింపవలెనని రాజ్యాంగమునను, 1793 నాటి కేంద్ర చట్టమునను ఉండుటచే, 1842 లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. ఆ తీర్పు మార్గరెట్టున కేమియు మేలు చేయలేదు.

అయినను ఆ తీర్పులోనే న్యాయమూర్తి జోసెఫు స్టోరీ మఱియొక మాట వ్రాసెను. ఇది కేంద్రపు పని గనుక, దీనిని తమ యుద్యోగులచే చేయింపవలెనని రాష్ట్రములను నిర్బంధింపజాలమని దాని భావము. ఉత్తరపు రాష్ట్రములు ఈ మాటను గట్టిగ పట్టుకొనినవి. 1843 లో మాసాచుసెట్సును, 1847 లో పెన్సిల్వేనియాయు తమ యుద్యోగులు బానిసలను పట్టుటలో తోడ్పడరాదనియు, తమ చెఱసాలలను అందులకు ఉపయోగింపరాదనియు చట్టములు చేసినవి. పట్టువారికి సాయము చేయువారు కరవైరి. 1850 లో కాంగ్రెసు కఠినమైన నూతన చట్టము చేసి, కేంద్రము తరఫున కమీషనర్లను నియమించెను. పట్టుబడిన మనిషి బానిసయని తేల్చినచో కమీషనరునకు 10 డాలర్లు, కాడని తేల్చినచో 5 డాలర్లు ముట్టునట్లు ఆ చట్టము ఏర్పఱచెను. ఆ న్యాయము ఎట్టిదో చదువరులే గ్రహింతురు.

విస్కాన్సిను రాష్ట్రము ఇంకను ముందునకు పోయెను. 1854 లో పాఱిపోయి వచ్చిన బానిసను చెఱ నుండి తప్పించిన బూత్ అను పత్రికా సంపాదకుని కేంద్రము బంధింపగా, ఆ రాష్ట్ర న్యాయస్థానము కేంద్ర చట్టమే చెల్లదని అతనిని విడిపించెను. రాష్ట్ర న్యాయస్థానమునకు అట్టి యధికారము లేదని 1859 లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను. విస్కాన్సిను కోరినది ధర్మమే. కాని అది ఎంచుకొనిన మార్గమును రాజ్యాంగ మొప్పదని న్యాయమూర్తుల నిర్ణయము. ఈ రెండు తీర్పులనుండి తేలిన దేమన: రాష్ట్రము తన చేతిని ముడుచుకొనవచ్చును, కేంద్రపు చేతిని పట్టుకొని ఆపరాదు.

5. ఇద్దఱు షెరీఫుల వ్యాజ్యెము

ఈ సూత్రమే 150 సంవత్సరముల తరువాత మరల తల యెత్తెను. 1992 లో, అణుధార్మిక వ్యర్థములను వదలించుకొను ఏర్పాట్లు చేయని రాష్ట్రములు ఆ వ్యర్థములను తామే స్వీకరింపవలెనను నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసెను. కాంగ్రెసు పౌరులపై చట్టము చేయవచ్చును గాని, ఇట్టి చట్టము చేయుమని రాష్ట్రములను ఆజ్ఞాపింపరాదని న్యాయమూర్తి శాండ్రా డే ఓకానరు వ్రాసెను.

తరువాత తుపాకుల ప్రశ్న వచ్చెను. 1981 లో అధ్యక్షుడు రీగనుపై కాల్పులు జరిగినప్పుడు ఆయన పత్రికా కార్యదర్శి జేమ్సు బ్రేడీ తీవ్రముగ గాయపడెను. ఆయన పేర 1993 లో వెలువడిన చట్టము, తుపాకి కొనగోరువాడు అర్హుడో కాడో అయిదు పనిదినములలో విచారింపవలసినదని స్థానిక పోలీసు అధిపతులను ఆదేశించెను. కేంద్రము సొంత యేర్పాటు చేసికొనువరకు ఇది తాత్కాలికము. మోంటానా, ఆరిజోనా రాష్ట్రములందలి ఇద్దఱు షెరీఫులు దీనికి ఎదురు తిరిగిరి. 1997 లో నలుగురకు అయిదుగురి ఆధిక్యతతో వారే గెలిచిరి.

ఇది చిన్న పేచీగ కనబడవచ్చును. పదిమంది ప్రాణములు కాపాడు పనికి ఒక షెరీఫు కొన్ని గంటలు వెచ్చించిన నష్టమేమి? తీర్పు వ్రాసిన న్యాయమూర్తి స్కేలియా పక్షపు సమాధాన మిది. షెరీఫును ఎన్నుకొనువారు ఆ జిల్లా ప్రజలు. జీత మిచ్చువారు వారే. కేంద్రము పని పురమాయించి ఖర్చు వారిపై వేసినచో, మంచిపేరు కాంగ్రెసునకును, నింద షెరీఫునకును వచ్చును. తప్పు జరిగినప్పుడు ఎవరిని తొలగింపవలెనో ఓటరునకు తెలియదు. దీనికి న్యాయమూర్తి స్టీవెన్సు చెప్పిన బదులును తేలికగ త్రోసివేయదగినది కాదు. ఆపత్కాలమున స్థానికోద్యోగుల సాయము లేనిదే కేంద్రము నిలువజాలదనియు, వారిని వాడుకొననీయనిచో కేంద్రము తన యుద్యోగులనే విపరీతముగ పెంచుకొనవలసి వచ్చుననియు, అది రాష్ట్రములకే చేటనియు ఆయన వాదించెను.

తీర్పువలన చట్టపు ఆశయము చెడలేదు. 1998 నవంబరు నుండి కేంద్రము తన సొంత విచారణ యేర్పాటును నడపుచున్నది. కొన్ని రాష్ట్రములు తమంత తామే ఆ పనిని చేసిపెట్టినవి. ఇష్టపడి చేయుట వేఱు. ఆజ్ఞకు లోబడి చేయుట వేఱు.

6. ధనముతో లొంగదీయవచ్చునా?

ఆజ్ఞాపింపరాదన్న చోట ఆశ చూపవచ్చునా? 1984 లో కాంగ్రెసు, 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మనిచ్చు రాష్ట్రములకు రహదారుల నిధులలో నూటికి 5 వంతులు ఆపునట్లు చట్టము చేసెను. దక్షిణ డకోటా రాష్ట్రము వ్యాజ్యెము వేసెను. ఆ కొంచెము సొమ్మును వదలుకొను స్వేచ్ఛ రాష్ట్రమునకు మిగిలియే యున్నది గనుక చట్టము చెల్లునని 1987 లో తీర్పు వచ్చెను.

2012 లో వేఱొక చట్టము విచారణకు వచ్చెను. బీదలకు వైద్యసాయము చేయు పథకమును విస్తరింపని రాష్ట్రములకు, అంతకు ముందునుండి యిచ్చుచున్న నిధులనుకూడ పూర్తిగ నిలుపవచ్చునని అందుండెను. ఆ నిధులు సగటు రాష్ట్రపు ఆదాయ వ్యయములలో పదవ వంతునకు మించినవి. ఇది ఆశ చూపుట కాదు, బలవంతపెట్టుటయే యని ఏడుగురు న్యాయమూర్తులు తీర్మానించిరి. పథకమును విస్తరించుట రాష్ట్రముల యిష్టమునకు విడువబడెను. దాతకు షరతు పెట్టు హక్కు కలదు. కాని కాదనుటకు వీలు లేనంతటి షరతు ఆజ్ఞతో సమానమని ఈ రెండు తీర్పుల సారాంశము.

7. ఎల్ల కాపాడని చోటు

రాష్ట్రముల హక్కులని పేర్కొన్నంత మాత్రమున సర్వమును సమర్థింపబడదు. అంతర్యుద్ధము ముగిసిన పిదప 1868 లో వచ్చిన 14 వ సవరణ, ఏ రాష్ట్రమును ఎవరికిని చట్టముల సమాన రక్షణను నిరాకరింపరాదని శాసించెను. తెల్లవారికి, నల్లవారికి ప్రభుత్వ పాఠశాలలు వేఱుగ నుంచుట దానికి విరుద్ధమని 1954 లో సుప్రీంకోర్టు నిర్ణయించెను.

1957 సెప్టెంబరులో ఆర్కన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ నగరమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు సెంట్రల్ హైస్కూలున చేరబోయిరి. గవర్నరు ఫాబసు రాష్ట్ర రక్షక దళమును నిలిపి వారిని ద్వారము కడనే అడ్డగించెను. విద్య రాష్ట్రముల పాలిదని మేము పైని వ్రాసితిమి. అది నిజమే. కాని తన పిల్లలలో కొందఱిని గడప దాటనీయకుండుట ఆ యధికారములోనిది కాదు. సెప్టెంబరు 24 న అధ్యక్షుడు ఐసన్‌హోవరు కేంద్ర సేనను పంపెను. మఱునాడు ఆ తొమ్మండుగురు సైనికుల రక్షణలో బడిలో ప్రవేశించిరి. సుప్రీంకోర్టు తీర్పునకు గవర్నరులును, శాసనసభలును బద్ధులని 1958 లో తొమ్మండుగురు న్యాయమూర్తులును సంతకములు చేసి ప్రకటించిరి. అయినను గవర్నరు 1958-59 విద్యాసంవత్సరమున ఆ నగరపు ఉన్నత పాఠశాలలను మూయించెను. ఆ యేడు నల్ల పిల్లలతో పాటు తెల్ల పిల్లలును చదువు పోగొట్టుకొనిరి.

8. మన దేశముతో పోలిక

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయమున వేఱు మార్గము త్రొక్కిరి. అమెరికాలో పట్టికకు మిగిలినది రాష్ట్రములది. మన 248 వ అధికరణము ప్రకారము మిగిలినది పార్లమెంటుది. కేంద్ర చట్టములు నెఱవేరునట్లు రాష్ట్రములకు ఆదేశములిచ్చు నధికారమును 256 వ అధికరణము కేంద్రమున కిచ్చినది. అమెరికాలో నొక రాష్ట్రమునుండి మఱియొకటి చీలవలెనన్న ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి కావలెను; మాసాచుసెట్సు సమ్మతించిన పిమ్మటనే 1820 లో మెయిన్ వేఱు రాష్ట్రమయ్యెను. మన 3 వ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయమును అడిగిన చాలును. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినను, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించుటయు, జూను 2 న తెలంగాణ రాష్ట్రము అవతరించుటయు ఇందువలననే సాధ్యమయ్యెను. ఏ పద్ధతి మేలైనదో విద్యార్థులు తమలో తాము చర్చించుకొందురు గాక.

అట్టి చర్చ కూర్చుకొనినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని మా మనవి. కేంద్రము చేయుచున్న పని దాని పట్టికలో కలదా? ఆ పనిని తన చేతులతో చేయుచున్నదా, ఇతరుల చేతులతో చేయించుచున్నదా? రాష్ట్రము కోరు స్వాతంత్ర్యము తన పౌరుని కాపాడుటకా, వాని హక్కును హరించుటకా? మాసాచుసెట్సు తన చెఱసాల తలుపులను మూసినది బానిసను కాపాడుటకు. ఆర్కన్సా తన బడి తలుపులను మూసినది పిల్లలను త్రోసివేయుటకు. రెండును రాష్ట్రముల హక్కు పేరనే జరిగినవి. మూడవ ప్రశ్నను వేయనివానికి ఈ రెండింటి భేదము కనబడదు.